ముగ్గురికీ సరేనన్న రిఫరీ

దుబాయ్‌కి అవతల ఉమ్ అల్ క్వైన్‌లో ఫ్యాక్టరీలుండే వైపు పరుపులు, దిండ్లు తయారుచేసే కంపెనీ ఒకటుంది. దాని వెనకే పనివాళ్ల క్యాంపు. ఆ క్యాంపు మెస్సులో వంట చేసే లాల్ అహ్మద్‌కు దేవుడు మంచి చెయ్యి ఇచ్చాడు, మంచి మనసిచ్చాడు, ఎన్ని ఉల్లిపాయలు తరిగినా నీరు కారని కళ్లిచ్చాడు. 'కాదు' అనే మాటకు కావలసిన నరం ఒక్కటి మాత్రం నాలుకలో పెట్టడం మరిచిపోయాడు.

ఎవరేమడిగినా సరే. పప్పులో ఉప్పు తగ్గించమని ఒకడంటాడు, సరే. పెంచమని ఆ వెనకే ఇంకొకడంటాడు, వాడికీ సరే. ఒకసారి చిల్లర కోసమని మంగలి షాపులోకి వెళ్లాడు. కుర్చీ ఖాళీగా ఉంది, కూర్చో భాయ్ అన్నాడు మంగలి. సరే అని కూర్చున్నాడు. మొత్తం తీసెయ్యనా అన్నాడు. దానికీ సరే అన్నాడు. చిల్లరతో రావలసిన మనిషి గుండుతో తిరిగొచ్చాడు. ఇంకోసారి ఏలకులు తెస్తానని దుబాయ్‌లోని డేరా బజారుకు వెళ్లి బీపీ చూసే మిషనూ, చక్రాల బూట్ల జతా మోసుకొచ్చాడు. ఏలకులు మాత్రం తేలేదు. ఏలకుల కొట్టు చేరాలంటే ఈ రెండు కొట్లూ దాటాలి, ఆ రెండు కొట్లవాళ్లూ ప్రేమగా రమ్మన్నారు, మరేం చేస్తాడు? చక్రాల బూట్లు ఇప్పుడు మెస్సులో ఉల్లిపాయల బస్తా కింద ఉన్నాయి. బస్తా చక్కగా జరుగుతుంది.

మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. మగపుటక పుట్టాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే లాల్ అహ్మద్‌కు ఈపాటికి క్యాంపు నిండా పిల్లలుండేవారు.

ఈ జబ్బుకు అందరూ నవ్వుకునేవారు. నవ్వు రానిది ఒక్క అక్తర్ బీకి. ఆమె రాయచోటిలో ఉంటుంది, అతని భార్య. దుబాయ్‌లో రెండేళ్లుండి వచ్చేస్తానని చెప్పి విమానమెక్కాడు. రెండేళ్లు నిండగానే ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, కిచెన్‌లోకి వచ్చి భుజం మీద చెయ్యేసి, ఇంకో రెండేళ్లుండు లాల్ అహ్మద్ అన్నాడు. సరే సాబ్. అవి నిండాయి, మళ్లీ చెయ్యి, మళ్లీ భుజం, మళ్లీ సరే. అలా ఎన్ని రెండేళ్లు గడిచాయో చెబితే మనకే సిగ్గేస్తుంది. కూతురు నాన్నను ఫోను సైజులో చూస్తూనే పెరిగి కాలేజీకి వచ్చింది.

ఈ ఏడు అక్తర్ బీ బతిమాలడం మానేసింది. రాయచోటి బస్టాండు పక్కన ఒక కొట్టు చూసి, సున్నం కొట్టించి, పొయ్యి వేయించి, అప్పుడు ఫోను చేసింది. "టిఫిన్ హోటలు పెడతాండాం. దోసెలు నేను పోస్తా. సాయంత్రం బిర్యానీ నీది. జనవరికల్లా అంతా ఖలాస్ చేసుకోని వచ్చెయ్" అంది. లాల్ అహ్మద్ సరే అన్నాడు. జీవితంలో అన్న సరేలన్నీ నాలుక చివరినుంచి వచ్చినవే, ఇది మాత్రం కడుపులోంచి వచ్చింది. ఆ రోజు కూర మాడిపోయినా ఎవరూ ఏమీ అనలేదు, వంటమనిషి అంత సంతోషంగా ఉన్నాడు మరి.

ఆ సంతోషం నవంబరు సగందాకా ఉంది. అప్పుడు ముదీర్ కిచెన్‌లోకి వచ్చాడు. పప్పు రుచి చూశాడు. భుజం మీద చెయ్యి వేశాడు. లాల్ అహ్మద్ చెప్పవలసిన మాట నోట్లోనే తయారుగా పెట్టుకున్నాడు. కానీ నోరు తెరిస్తే అలవాటైనదే బయటికొచ్చింది. సరే సాబ్. ముదీర్ సంతోషించి, రెండో గరిటె కూడా తాగి వెళ్లాడు.

ఇప్పుడు జనవరికి వస్తున్నానని ఇంటికీ సరే, ఇక్కడే ఉంటానని కంపెనీకీ సరే. రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏం చేస్తాడు? ఏదో ఒక పడవ తనంతట తనే ఆగుతుందిలే అనుకున్నాడు లాల్ అహ్మద్. అక్తర్ బీకి చెప్పలేదు.

పులి మీద పుట్రలాగా, కుస్తీ ఒకటి వచ్చి పడింది.

ఆ కుస్తీ కథ కరోనా ఏడాది మొదలైంది. క్యాంపు గేటు మూసేశారు, పని లేదు. మనుషులు గదుల్లో పడుకుని ఫోన్లలో పాత రెజ్లింగ్ పోటీలు చూసి చూసి, చివరికి ఒక సాయంత్రం ఫ్యాక్టరీలో పారేసిన స్పాంజి షీట్లు తెచ్చి పరిచి, ఒకరి మీద ఒకరు దూకడం మొదలుపెట్టారు. పరుపుల కంపెనీ కాబట్టి ఎవరికీ ఎముకలు విరగలేదు. అప్పటినుంచి ఏటా డిసెంబరులో నేషనల్ డే సెలవులకు క్యాంపు ఆవరణలో రెజ్లింగ్ పోటీ జరుగుతుంది. నాలుగు మూలలా నాలుగు నీలం డ్రమ్ములు, వాటికి తాళ్లుగా ప్యాకింగ్ పట్టీలు, కింద మోకాలెత్తు స్పాంజి. గంట బదులు బిర్యానీ గిన్నె మూత, దాన్ని కొట్టడానికి గరిటె.

టీవీలో లాగానే ఇక్కడా గెలుపు ముందే తేల్చుకుంటారు. దెబ్బలు మాత్రం అప్పటికప్పుడు కనిపెడతారు. ఎవరు గెలవాలన్నది పోటీదార్లకు వదిలేస్తే నిజంగానే కొట్టుకుంటారని, ఆ పని రిఫరీకి అప్పగించారు. వారం ముందే రిఫరీ ఒకరి చెవిలో నువ్వు గెలుస్తావని, మిగతావారి చెవిలో నువ్వు పడాలని చెప్పాలి. మరి ఈసారి రిఫరీగా ఉంటావా అని లాల్ అహ్మద్‌ను అడిగారు. ఏమన్నాడో నేను చెప్పాలా?

ఛాంపియన్ బెల్టు కూడా అతని చలవే. బరువులెత్తేవాళ్ల నడుం పట్టీకి మధ్యలో తళతళలాడే స్టీలు పళ్లెం బిగించారు. ఆ పళ్లెం లాల్ అహ్మద్ పెట్టెలోది, పెళ్లి సామాన్లలోనిది. మనవాళ్ల అలవాటు తెలిసిందేగా, స్టీలు సామాను కొంటే కొట్లోనే చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిస్తారు. కాబట్టి గత రెండేళ్లుగా ఉమ్ అల్ క్వైన్ మహాబలుడు పొట్ట మీద 'శ్రీమతి అక్తర్ బీకి పెళ్లి కానుక' అని రాసుకుని ఊరేగుతున్నాడు.

ఆ మహాబలుడి పేరు భీమరాజు. కోనసీమ మనిషి, ఫ్యాక్టరీలో లోడింగు పని. పేరుకు తగ్గ శరీరమే గానీ కోడిని కోస్తుంటే అటు తిరిగి కళ్లు మూసుకునే రకం. ఈసారి అతనితో ఇద్దరు తలపడతారు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ముబారక్, నెల్లూరువాడు, ఎముకలకు చొక్కా తొడిగినట్టుంటాడు. స్టోరు చూసే శ్యాంప్రసాద్, జగిత్యాలవాడు, నేల మీద కంటే గాల్లో ఎక్కువసేపు ఉంటాడు. ముగ్గురూ ఒకేసారి బరిలోకి దిగే పోటీ ఇది. దీనికి అడ్డూ అదుపూ లేవు. ఎవరు ఎవరిని ముందు వెల్లకిలా పడేసి, రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా అదిమిపెడితే వాడే ఛాంపియన్. పాత ఛాంపియన్‌నే పడగొట్టాలన్న రూలు లేదు.

వారం ముందు భీమరాజు కిచెన్ గుమ్మంలో నిలబడ్డాడు. గుమ్మం నిండిపోయింది.

"లాల్ భాయ్ గారండీ, మీతో చిన్న మాటండి. మా పేరమ్మకి ఆ రోజు సెలవిచ్చారండి మేడం గారు. షార్జా నుంచి వస్తాదండి. ఇన్నాళ్లూ నిజంగానే అందర్నీ కొట్టేసి గెలిచేశానని చెప్పేశానండి. అది మొదటిసారి చూడ్డానికొచ్చిన రోజే పడిపోతే బాగోదు కదండీ."

పేరమ్మ అతని భార్య, షార్జాలో ఒక ఇంట్లో పని చేస్తుంది. ఒకే దేశంలో ఉన్నా ఇద్దరూ కలుసుకునేది పండగకో పబ్బానికో. లాల్ అహ్మద్ గుండె కరిగిపోయింది. సరే అన్నాడు.

మర్నాడు ముబారక్ వచ్చాడు. "లాలన్నా, నీకో దండం. నాకు కుదిరిన సంబంధం తెలుసు కదా? పిల్ల నాయన, ఊదితే ఎగిరిపొయ్యేటోడికి పిల్లనెట్టా ఇచ్చేదబ్బా అని మెలిక పెడతా ఉండాడు. వీడియోలో చూపిస్తా, చూడండి మామా అని చెప్పేసినా. ఈసారి నన్ను గెలిపించకపోతే నా పెళ్లి ఖలాసే." పెళ్లి మాట వచ్చాక ఎలా కాదంటాడు? సరే అన్నాడు.

ఆ సాయంత్రమే శ్యాంప్రసాద్ ఫోను పట్టుకుని వచ్చాడు. ఫోన్లో ఒక ఫ్లెక్సీ ఫొటో ఉంది. నిలువెత్తు శ్యాంప్రసాద్, నల్ల కళ్లద్దాలు, వెనక పులి, పైన 'దుబాయ్ కుస్తీ ఛాంపియన్ శ్యామన్నకు స్వాగతం సుస్వాగతం'.

"ఏంది తమ్మీ ఇది? కుస్తీ ఇంగా కాలేదు కదా?"

"అదే గద లాల్ భాయ్ నా బాధ! పోటీ ఉన్నదని గ్రూపుల పెట్టిన. మావోళ్లు గెలిచినంక పెడితె ఆలస్యమైతదని ముందే కొట్టిచ్చిండ్రు. వచ్చే వారం లీవుల పోతున్న. బస్సు దిగంగనే అది కనవడతది. ఓడిపోయి దాని కింద కెల్లి ఎట్ల నడుస్త, జర చెప్పు?"

పులి బొమ్మ చూశాక లాల్ అహ్మద్‌కు జాలేసింది. సరే అన్నాడు.

అతను వెళ్లిపోయాక గానీ తానేం చేశాడో తెలియలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పలూ పాములూ ముగ్గురూ అతని గదివాళ్లే. రోజూ ఒకే గిన్నె చుట్టూ కూర్చుని తినేవాళ్లే. ఇద్దరికి కాదని చెప్పాలి. మొదట భీమరాజుకు చెబుదామని వెళ్లి, అతను పేరమ్మ కోసం కొన్న గాజులు చూపిస్తుంటే బాగున్నాయని చెప్పి వచ్చేశాడు. ముబారక్‌కు చెబుదామని వెళ్లి, పెళ్లికి బిర్యానీ వండుతానని ఒప్పుకుని వచ్చాడు. శ్యాంప్రసాద్ దగ్గరకు వెళ్లనే లేదు. ఆ పులి తన వంకే చూస్తుందేమోనని భయం.

పోటీ రోజు సాయంత్రం అసర్ నమాజు కాగానే క్యాంపు ఆవరణ నిండిపోయింది. నేపాలీలు, బెంగాలీలు, మలయాళీలు, పఠాన్లు, మన తెలుగువాళ్లు అందరూ ఈలలు. ముందు వరసలో ముదీర్‌కు కుర్చీ, పక్కన మైకు. పేరమ్మ కొత్త చీరలో వచ్చి స్పాంజి కట్ట మీద కూర్చుంది. లాల్ అహ్మద్ తన ఫోనులో అక్తర్ బీకి వీడియో కాల్ కలిపి ఆమె చేతికిచ్చాడు.

"వదినగారూ, కనపడుతుందాండీ? అదిగోండి, ఆ ఎర్ర లాగూ మా ఆయనేనండి."

"కనపడతాంది వదినా. యా అల్లా, ఆయన పొట్ట మీదుండేది నా పళ్లెం కాదూ? పోయిన పండక్కి పెట్టెలన్నీ ఎతికిస్తినే! ఏమయ్యా, నా పళ్లెమెందుకు కట్టుకున్యాడు ఆయప్ప?"

లాల్ అహ్మద్ వినబడనట్టు గిన్నె మూత మీద గరిటెతో కొట్టాడు. పోటీ మొదలైంది.

మొదట్లో అంతా బాగానే జరిగింది. భీమరాజు ఇద్దరినీ చెరో చంకలో ఇరికించుకుని గిరగిరా తిప్పాడు. శ్యాంప్రసాద్ డ్రమ్మెక్కి ఎగిరి, ముబారక్ మీద పడబోయి, స్పాంజి మీద పడి, బంతిలా లేచి, భీమరాజు పొట్టకు తగిలి వెనక్కి వచ్చాడు. ముబారక్ వీడియో తీస్తున్నవాడి వైపు తిరిగి కండలు చూపించాడు. కండలు కనబడలేదు గానీ ప్రయత్నం కనబడింది.

తరవాత భీమరాజు ముబారక్‌ను పడేసి మీద కూర్చున్నాడు. లాల్ అహ్మద్ స్పాంజి మీద చేత్తో కొట్టి "ఒకటి, రెండు" అన్నాడు. ముబారక్ పడి ఉండాలి కదా, కిందనుంచి గిచ్చి, చక్కిలిగింత పెట్టి, ఎలాగో లేచాడు. శ్యాంప్రసాద్ భీమరాజును పడేశాడు. ఒకటి, రెండు. భీమరాజు లేచాడు. ముబారక్ శ్యాంప్రసాద్‌ను పడేశాడు. ఒకటి, రెండు. శ్యాంప్రసాద్ లేచాడు. ఎవరూ పడి ఉండరు. ప్రతివాడూ లేస్తూ లేస్తూ రిఫరీకి కన్ను కొట్టడమే. జనం కుర్చీలెక్కారు. ఇంత పట్టుదల టీవీలో కూడా చూడలేదని ఒక పఠాను టోపీ గాల్లోకి విసిరాడు. లాల్ అహ్మద్ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. అందరికంటే ఎక్కువ ఒళ్లు నలిగింది అతనికే, ఎవరూ ముట్టుకోకుండానే.

చివరికి ముగ్గురూ బరి మధ్యలో ఒకరి మెడ ఒకరు పట్టుకుని ముడిపడ్డారు. ముడిలోంచి మాటలు వినిపించాయి.

"పడిపోవయ్యా బాబూ, ఇయ్యాళ నాదేనండి."

"నీదెట్టయితది? నాకు మాటిచ్చినాడు లాలన్న."

"ఎవనికి మాటిచ్చిండు? నాకు గద ఇచ్చింది! ఫ్లెక్సీ సుత చూపిచ్చిన!"

ముడి వదులైంది. తరవాత మూడు తలకాయలు ఒకేసారి రిఫరీ వైపు తిరిగాయి.

లాల్ అహ్మద్ పరుగందుకున్నాడు. పరుగంటే ఎంత, మోకాలెత్తు స్పాంజిలో అడుగు తీసి అడుగు వేయడానికే బతుకు తెల్లారుతుంది. వెనక ముగ్గురు. బరి చుట్టూ ఒక చుట్టు, రెండో చుట్టు. కుస్తీలో ఇదొక కొత్త పద్ధతి అనుకుని జనం వెర్రెత్తిపోయారు. ముదీర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మూడో చుట్టులో ముబారక్ కాలు పట్టుకున్నాడు, శ్యాంప్రసాద్ చెయ్యి పట్టుకున్నాడు, భీమరాజు ఇద్దరి మీదా పడ్డాడు. అడుగున లాల్ అహ్మద్.

"లాల్ భాయ్ గారండీ, నిజం చెప్పండి. ఎవరికిచ్చారండి మాట?"

"మీ ముగ్గురికీ ఇచ్చినా నాయనా" అన్నాడు లాల్ అహ్మద్ స్పాంజిలోంచి. "ముగ్గురూ నా కండ్లలోకి చూసి అడిగితిరి. ఏం జేసేది?"

ముగ్గురికీ కోపం రావలసిందే, వచ్చింది కూడా. కానీ ఆ మనిషి పన్నెండు నెలలూ తమకు వండిపెట్టే మనిషి. భీమరాజు ముందు లేచాడు. "ఇదేం మనిషండీ బాబూ" అని నిట్టూర్చి, తాళ్ల కిందనుంచి దూరి బయటకు పోయాడు. పేరమ్మ పక్కనే మజ్జిగ డబ్బాలున్నాయి. ఒకటి ఎత్తి గటగటా తాగడం మొదలుపెట్టాడు. మిగిలిన ఇద్దరూ లేవబోయారు. లేవబోతుంటే ముబారక్ పిక్క పట్టేసింది. "అమ్మా!" అని అరిచి అడ్డంగా పడ్డాడు. పడింది శ్యాంప్రసాద్ మీద. శ్యాంప్రసాద్ వెల్లకిలా స్పాంజిలో కూరుకుపోయాడు. ముబారక్ లేవలేడు, శ్యాంప్రసాద్ కదల్లేడు. జనం అరుస్తున్నారు, లెక్కపెట్టు లెక్కపెట్టు అని. లాల్ అహ్మద్ కళ్లు మూసుకున్నాడు. చెయ్యెత్తాడు. ఒకటి. రెండు. మూడు.

గిన్నె మూత మోగింది. ముబారక్ ఛాంపియన్. కాలు నొప్పికి ఏడుస్తున్నాడో, పెళ్లి కుదిరినందుకు ఏడుస్తున్నాడో ఎవరికీ తెలియలేదు.

భీమరాజు మీసాలకు మజ్జిగతో పరుగెత్తుకొచ్చాడు. "ఇదేంటండీ! నన్నెవరూ పడగొట్టలేదండి. ముట్టుకోనైనా ముట్టుకోలేదండి. నేనెలా ఓడిపోయానండీ?"

"ముగ్గురి ఆటలో అంతే భీమరాజూ" అన్నాడు లాల్ అహ్మద్ తల వంచుకుని. "లోపలుండే ఇద్దరూ తేల్చేసుకుంటే, బయటుండే మూడోవాడు ఓడిపోయినట్టే. వాన్ని పడేయాల్సిన పన్లే, అడగాల్సిన పన్లే."

భీమరాజు దిగాలుగా పేరమ్మ వైపు చూశాడు. ఆమె కొంగుతో అతని మూతి తుడిచింది. "పోనీలెండి. ఎత్తు మీద ఎత్తు వేశారని చెప్పేవోరు గానీ, రోజూ ఫోన్లో ఒళ్లు నొప్పులని ఒక్కసారైనా అన్నారా? నాకు ముందే తెలుసండి. రండి, తిందాం" అంది. అతను వెంటనే వెళ్లాడు. బెల్టు విప్పి ఇవ్వడం కూడా మరిచాడు. శ్యాంప్రసాద్ ఒక్కడే బరిలో కూర్చుని, ఫ్లెక్సీ చింపేయమని ఊళ్లోవాళ్లకు వాయిస్ మెసేజి పెడుతున్నాడు.

అప్పుడు ముదీర్ మైకు తీసుకున్నాడు. నవ్వి నవ్వి అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంత మంచి పోటీ ఎప్పుడూ చూడలేదని హిందీలో చెప్పాడు. "మీ అందరికీ ఇంకో మంచి కబురు. మన లాల్ అహ్మద్ ఎక్కడికీ పోవడం లేదు. ఇంకో రెండేళ్లు మనతోనే ఉంటానని నాకు మాటిచ్చాడు!" అన్నాడు. క్యాంపంతా చప్పట్లు. బిర్యానీ పోదన్న సంతోషం ఎవరికుండదు?

లాల్ అహ్మద్ ఫోను వైపు చూశాడు. అది ఇంకా పేరమ్మ చేతిలోనే ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకునే మనిషికి ఆ హిందీ అర్థం కాకుండా ఎలా ఉంటుంది? దగ్గరకు వెళ్లేటప్పటికి అక్తర్ బీ అరుస్తుందనుకున్నాడు. ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"ఆ లావాయన మాదిరే నేనూ" అంది నెమ్మదిగా. "మీరిద్దరూ లోపల తేల్చుకున్యారు. నేను బయట ఉండా. నన్ను పడేయలేదు, అడగలేదు. ఓడిపోయినా."

"అట్ల గాదు అక్తర్..."

"ఎట్ల గాదు? అందరూ నవ్వుతారు, మా ఆయనకు కాదనడం చాతగాదని. వాళ్లకేం తెలుసు? మంగలాయనకు సరే. కొట్లోళ్లకు సరే. ముదీర్‌కు సరే. నువ్వు వాళ్లకు సరే అన్నప్పుడల్లా నాకు కాదంటాండావు. ఈ లోకంలో నువ్వు కాదనేది నాకొక్కదానికే."

 ఇన్నేళ్లూ లాల్ అహ్మద్ తాను ఎవరి మనసూ నొప్పించని మనిషినని అనుకుంటూ వచ్చాడు. ఆ అనుకోవడం ఇష్టంగా కూడా ఉండేది, దాచుకోవడమెందుకు? ఒక్క మనిషి మనసును మాత్రం, అన్నిటికంటే దగ్గరి మనిషి మనసును, అదే పనిగా నొప్పిస్తూ వచ్చాడన్నమాట. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అతను తిరిగి ముదీర్ వైపు నడిచాడు. ఏం జరుగుతోందో అర్థం కాకపోయినా పేరమ్మ ఫోను పట్టుకుని వెనకాలే వెళ్లింది. ఆమె వెనక పళ్లెం కట్టుకుని భీమరాజు, అతని వెనక కుంటుతూ ముబారక్, వాళ్లను చూసి శ్యాంప్రసాద్. దూరం నుంచి చూసేవాళ్లకు రెండో పోటీ మొదలైందనిపించింది.

"సాబ్" అన్నాడు లాల్ అహ్మద్.

"చెప్పు లాల్ అహ్మద్."

 ముదీర్ ఎంత మంచివాడు, ఎంత ప్రేమగా చూస్తున్నాడు! "నేను... జనవరిలో... ఇంటికి... ఖలాస్ సాబ్" అన్నాడు, నాలుగు మాటలకు నాలుగుసార్లు గుటకలు మింగుతూ.

ముదీర్ ముఖంలో నవ్వు పోయింది. "ఇంటికా? నువ్వు పోతే వీళ్లకెవరు వండుతారు?" అంటూ అలవాటుగా భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి పడగానే లాల్ అహ్మద్ గొంతులో ఏదో కదిలింది. అది పైకి వస్తోంది. ఎన్నో ఏళ్లుగా వస్తున్న దారే, తడుముకోనక్కర్లేదు. 'స' అనే అక్షరం అప్పుడే పళ్ల దాకా వచ్చేసింది. లాల్ అహ్మద్ భయపడిపోయి రెండు చేతులతోనూ తన నోరు తానే మూసుకున్నాడు.

"పోనీ ఒక్క సంవత్సరం" అన్నాడు ముదీర్.

నోరు మూసుకునే లాల్ అహ్మద్ తల అడ్డంగా ఊపాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"రంజాను దాకా? అదైనా కాదా?"

చేతుల వెనకనుంచి "సమ్మ్" అని ఏదో వినిపించింది. వేళ్లు మరింత బిగించాడు. ముఖం ఎర్రబడింది. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు, ఇప్పుడు ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనన్నట్టు. ముదీర్ అతన్ని వింతగా చూశాడు. తరవాత భుజం మీది చెయ్యి తీశాడు. "సరే" అన్నాడు. ఈసారి ఆ మాట అన్నది ముదీర్.

ముదీర్ వెళ్లిపోయాడు. అయినా లాల్ అహ్మద్ చేతులు నోటిమీదనుంచి దిగలేదు.

"ఇటు తిప్పు వదినా, ఇటు తిప్పు, నేను చూడాల" అంటోంది ఫోను. పేరమ్మ దాన్ని అతని ముఖానికి ఎదురుగా పట్టుకుంది. అక్తర్ బీ కొంగు కళ్లకద్దుకుంటూ, నవ్వుతూ, ఆ మూసుకున్న నోటినే చూసింది.

"ఇంగ చాల్లే, చెయ్యి తియ్యి" అంది. "ఊపిరాడక చచ్చేవు."